మెట్టనేలకు వచ్చిన కొత్త విత్తనము

విజయవాడ నుండి భద్రాచలము మీదుగా జగదల్‌పూరునకు పోవు రాజమార్గమున, కొండపల్లి, మైలవరములను దాటి ఉత్తరముగా సాగిపోవు బాటసారికి, కృష్ణా డెల్టా ఎక్కడ ముగిసెనో తెలిసికొనుటకు పటముతో పనిలేదు. కాలువగట్లు కనుమరుగై, వరిమడులకు మారుగా మామిడితోపులును, వాని నడుమ పత్తి, మిరప, మొక్కజొన్న చేలును కానవచ్చుటయే అందులకు చాలిన గుర్తు. ఆ త్రోవలో, ఖమ్మం జిల్లా సరిహద్దునకు చేరువన, తిరువూరు కలదు. ఒకప్పుడీ ప్రాంతము చెన్నపట్టణపు దొరతనమునకును నైజాము రాజ్యమునకును నడిమి పొలిమేర. అవతలికి సరుకు దాటింపవలెనన్న కరోడ్‌గిరి నౌకరులకు సుంకము చెల్లింపవలసిన చోటు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడుటతో చెరిగిపోయిన ఆ గీత 2014లో ఇంచుమించు పూర్వపు జాడలోనే మరల తేలినది. చిరకాలము కృష్ణా జిల్లాకు ఉత్తరపు కొసగా నుండి, 2022 నుండి ఎన్టీఆర్ జిల్లాలో చేరిన ఈ పట్టణము, ఏ రాజ్యపు పటమునందైనను అంచుననే ఉండుట దాని జాతకము కాబోలు.

ఇట్టి మూలనున్న మెట్టప్రాంతమును నవకల్పనల ఆర్థికచరిత్రకు ఉదాహరణముగా గైకొనుట కొందరికి వింతగా తోచవచ్చును. నవకల్పన యనగానే మన తలపులు ప్రయోగశాలల వైపునకును, మహానగరముల వైపునకును పోవుట అలవాటైనది. కాని కొత్త వస్తువు పుట్టినచోట దాని గొప్పదనము మాత్రమే కనబడును. దాని వెల యెంత, ఆ వెల నెవరు చెల్లించిరి, అది వమ్మయిననాడు నష్టమెవరి నెత్తిన పడినది అను సంగతులు, అది చేరిన తుదిచోటనే తేటపడును. తిరువూరు మెట్ట అట్టి తుదిచోటు. ఒకటిన్నర శతాబ్దముల కాలములో నీరును, అంటును, విత్తనమును, మందును ఒకదాని వెనుక నొకటిగా ఈ నేలకు వచ్చినవి. ఏది యెవరి ధనముతో వచ్చినదో విచారించినచో, ప్రభుత్వనీతి యెట్లు మారుచు వచ్చినదో దానంతటదియే బోధపడును.

ఈ కథకు మొదలు తిరువూరు కాదు, బెజవాడ. 1832-33 నాటి డొక్కల కరువులో గుంటూరు సీమ శ్మశానప్రాయమైన పిమ్మట, పంట లేనిచోట శిస్తును ఉండదను సత్యము కుంపిణీ దొరలకు మెల్లమెల్లగా తలకెక్కినది. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరముకడ గోదావరికి ఆనకట్ట కట్టించి చూపిన మేలును కన్నులార చూచిన తరువాత, 1852లో బెజవాడకడ కృష్ణకు ఆనకట్ట ఆరంభమై, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణమున 1855 నాటికి పూర్తియైనది. నేటి అర్థశాస్త్రజ్ఞుల భాషలో చెప్పవలెనన్న, అది ప్రభుత్వము తానే పెట్టుబడి పెట్టి, తానే అపాయమును భరించి, నీటితీరువ రూపమున ఏటేటను తిరిగి రాబట్టుకొనిన నవకల్పన. ఆనకట్ట నిలుచునో కొట్టుకొనిపోవునో యను భయము రైతుది కాదు, ఇంజనీరుది. కొట్టుకొనిపోయినచో మునుగునది సర్కారు బొక్కసము. రైతు చేయవలసినదెల్ల కాలువనుండి బోదె త్రవ్వుకొనుటయే. నీరు పల్లమెరుగునని పెద్దలు చెప్పిరి; ప్రభుత్వధనము కూడ నాడు ఆ పల్లమునే యెరిగినది. డెల్టా పచ్చబడినకొలది మెట్టకును మాగాణికిని నడుమ దూరము పెరిగి, ఒకే జిల్లాలో రెండు లోకములేర్పడినవి. తిరువూరు, గంపలగూడెము, విస్సన్నపేట, ఎ.కొండూరు ప్రాంతములు చెరువునీటిని, వాగునీటిని, ఆకాశమును నమ్ముకొని రెండవ లోకముననే మిగిలిపోయినవి.

ఆ రెండవ లోకమునకు కూడ తనదైన నవకల్పన యొకటి కలదు; దానిని కనిపెట్టినవాని పేరు ఏ పుస్తకమునను లేదు. నూజివీడు జమీను నేలలందును, దాని చుట్టుపట్ల తిరువూరు దాక వ్యాపించిన తోపులందును పండు చిన్నరసము, పెద్దరసము, చెరుకురసము, బంగినపల్లి, కలెక్టరు అను మామిడులన్నియు అంటుకట్టు విద్యవలననే ఒక చెట్టునుండి వేయి చెట్లయినవి. టెంక నాటినచో తల్లిచెట్టు గుణము బిడ్డకు రాదని తోటమాలి యెరుగును. పులుపు రావచ్చును, పీచు రావచ్చును, అదృష్టముండిన తల్లిని మించిన తీపియు రావచ్చును. కావున మేలిచెట్టు కొమ్మను మొలకకు జతచేసి కట్టి, రెండును ఒకటైన పిమ్మట వేరుచేయుట యను ఈ పనిని తండ్రివద్ద కొడుకు, యజమానివద్ద పాలేరు నేర్చుకొనిరి. ఒక మధురమైన చెట్టు ఎవరి దొడ్డిలోనో తలయెత్తినచో, దాని కొమ్మనడుగుటకు మాటయే వెల. పొరుగువాడు అంటు కట్టుకొనినంతమాత్రమున సొంతదారుని చెట్టునకు ఒక్క కాయ తరుగదు. విద్యకును విజ్ఞానమునకును ఉన్న ఈ వింతగుణమునుండియే, అనగా ఒకడు వాడుకొనినను ఇంకొకనికి కొరవడకుండుట యను దానినుండియే, నవకల్పనల అర్థశాస్త్రమంతయు పుట్టినది. ఎవరికిని కొరవడనిదానికి వెల కట్టుట అన్యాయము. వెల లేనిదానిని కనిపెట్టుటకు ధనము వెచ్చించువారుండుట అరుదు. 1962లో కెన్నెత్ ఆరో యను అమెరికను పండితుడు ఈ చిక్కును శాస్త్రీయముగ నిరూపించి, విపణిని నమ్మి ఊరకుండినచో పరిశోధన చాలినంత జరుగదని తేల్చెను. మన మామిడితోపుల కీ సిద్ధాంతముతో నిమిత్తము లేదు. అక్కడ కనిపెట్టినవాడు ప్రకృతి, కాలము ఓపిక, కూలి అంబలి.

పత్తి సంగతి వేరు. కృష్ణా, గుంటూరు మెట్టలలో పూర్వము పండిన దేశవాళీ పత్తికి, కాకినాడ రేవునుండి ఓడలకెక్కుటచేత, వర్తకలోకమున కోకనాడ పత్తి యను పేరు వచ్చినది. దూది కొంచెము ఎరుపుడాలు కలిగి, పొట్టిపోగుతో మోటుగా నుండును. కాని వానకు, ఎండకు, పురుగునకు అలవాటుపడిన గట్టిప్రాణము. 1861 మొదలు 1865 వరకు అమెరికాలో జరిగిన అంతర్యుద్ధమువలన లాంకషైరు మిల్లులకు దూది కరువై, మన పత్తిధర మండిపోయి, యుద్ధము ముగియగానే కూలబడినది. తమ చేనిధరను సముద్రముల కావలి తుపాకులు నిర్ణయింపగలవని మెట్టరైతు మొట్టమొదట అప్పుడు నేర్చుకొనెను. పొట్టిపోగు పత్తి మిల్లుమరలకు పనికిరాదను ఫిర్యాదు మాత్రము పోలేదు. దానికి మందుగా 1921లో భారత కేంద్ర పత్తి సంఘము ఏర్పడి, 1923 నాటి శాసనముతో పత్తి బేలు మీద అణాలలో లెక్కించు స్వల్పమైన సెస్సు విధింపబడి, ఆ ధనము పరిశోధనకు కేటాయింపబడెను. గుంటూరు చెంత లాం గ్రామమున వ్యవసాయ పరిశోధనక్షేత్రము 1922లో వెలసినది.

ఈ సెస్సును గూర్చి మనవారు తగినంత వ్రాయలేదని నా అభిప్రాయము. పత్తి వాడుకొను పరిశ్రమయంతయు కలిసి పరిశోధనకు చందా కట్టుట, ఆ చందాతో పుట్టిన వంగడమును ఎవరైనను ఉచితముగ పెట్టుకొనుట, పెట్టుకొన్నవారి పంటనుండి మరల చందా పుట్టుట అను ఆ చక్రము, అంటుకొమ్మ న్యాయమును ప్రభుత్వశాసనముగ మార్చినట్టి తెలివైన యేర్పాటు. లాంలోను, నంద్యాలలోను, కోయంబత్తూరులోను శాస్త్రజ్ఞులు తయారుచేసిన వంగడము ఒక రైతు చేనికి చేరినచో, మరునాటి యేడు అతడు తన గింజనే దాచి విత్తుకొనవచ్చును, పొరుగువానికి చేబదులుగా నీయవచ్చును. విత్తనము గాదెలో నుండెనేగాని అంగడిలో ఉండలేదు.

1955 డిసెంబరు 10న నందికొండకడ నెహ్రూ శంకుస్థాపన చేయగా, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ చేతులమీదుగా కాలువలకు నీరు విడుదలయైన నాగార్జునసాగరము, డెల్టా చేసిన అన్యాయమును మెట్టకు సరిదిద్దునని ఆశపెట్టినది. ఎడమకాలువ నల్లగొండ, ఖమ్మములను దాటి తిరువూరు, నూజివీడు మెట్టలను చేరవలెను. చేరినది, కాని చివరి ఆయకట్టు బ్రతుకెట్టిదో చివరనున్నవారికే తెలియును. పైవారు వరి నాటుకొన్న యేట క్రిందివారి కాలువలో నీటికంటె తుంగ ఎక్కువ. నీరు వచ్చునని నమ్మి మాగాణికి దిగుటయా, రాదని నిశ్చయించుకొని మెట్టపైరే వేయుటయా యను సందిగ్ధము, ఏటేట జ్యేష్ఠమాసమున, ఈ ప్రాంతపు రైతు ఒంటరిగ తీర్చుకొనవలసిన లెక్క. చెరువు క్రింది నేలలో వరియు, ఎర్రనేలలో మామిడియు, నల్లరేగడిలో పత్తియు మిరపయు అను పంపకము ఆ లెక్కనుండి వచ్చినదే.

ఆ కాలముననే విత్తనము గాదెనుండి అంగడికి కదలుట ఆరంభమైనది. 1961లో గంగ, రంజిత్, డెక్కన్ అను పేర్లతో సంకర మొక్కజొన్నలు మన దేశమున విడుదలయ్యెను. 1963లో జాతీయ విత్తన సంస్థయు, 1966లో విత్తన శాసనమును వచ్చెను. 1970లో సూరతు పరిశోధనక్షేత్రమున సి.టి. పటేల్ రూపొందించిన హైబ్రిడ్-4, లోకమున వ్యాపారసరళిని పండింపబడిన తొలి సంకర పత్తి. రెండేండ్లకు ధార్వాడనుండి వరలక్ష్మి వచ్చినది. ఇవన్నియు ప్రభుత్వక్షేత్రముల సంతానమే. అయినను సంకరవిత్తనమున ఒక సూక్ష్మమైన మడతపేచీ కలదు. రెండు వంగడములను కలిపి పుట్టించిన ఆ మొక్క మొదటితరమున బలముగ పెరిగి విరివిగ కాచును; దాని గింజను దాచి మరల విత్తినచో బిడ్డలు పలుపోకలు పోయి తల్లిబలము నశించును. మామిడిటెంక న్యాయమే ఇదియును. మామిడికి మాత్రము అంటు అను విరుగుడు ఊరూరను తోటమాలి చేతిలో నుండినది; పత్తికట్టి విరుగుడు లేదు. తల్లివంగడములు ఎవరికడ గుప్తముగ నున్నవో, వారికడనే ఏటేట గింజ కొనవలెను. ఏ శాసనమును చేయనక్కరలేకయే ప్రకృతి యొక తాళము వేసి, తాళపుచెవిని విత్తన వర్తకుని చేతికిచ్చినది.

అమెరికాలో ఈ సంగతినే జ్వీ గ్రిలికస్ అను అర్థశాస్త్రజ్ఞుడు 1957లో లెక్కగట్టి చూపెను. సంకర మొక్కజొన్న అయోవా రాష్ట్రమున నాలుగేండ్లలోనే పదింట ఒకవంతునుండి పదింట తొమ్మిదివంతుల నేలకు ప్రాకగా, దక్షిణమునందలి అలబామాకు చేరుటకే జాగు చేసినది. దక్షిణపు రైతులు మందమతులగుటవలన కాదు. అక్కడి నేలకు, వానకు తగిన సంకరమును తయారుచేసిన లాభము తక్కువగుటచేత విత్తనశాలలు ఆ వైపు తొలుత చూడలేదు. మరుసటి సంవత్సరము, ఆ పరిశోధనపై పెట్టిన ప్రతి డాలరునకును దేశమునకు ఏటేట ఏడు డాలర్ల మేలు కలిగినదని అంచనావేసెను. ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కనుంచి చదువవలెను. నవకల్పనవలన సంఘమునకు కలుగు లాభము కొండంత. అది మొదట వెలయు చోటు మాత్రము గిరాకి విస్తారముగనున్న చోటు. అలబామా యని చదివినప్పుడెల్ల నాకు చివరి ఆయకట్టు జ్ఞాపకమునకు వచ్చును.

తిరువూరునకు ఆగ్నేయముగా, ఒక్క బస్సెక్కిన చేరగల నూజివీడులో, 1973లో మండవ వెంకటరామయ్యగారు స్థాపించిన నూజివీడు సీడ్స్ ఈ తాళపుచెవిని చేజిక్కించుకొన్న మనవారిలో ముఖ్యము. రసాలకు పేరువడిన ఊరు కొంతకాలమునకు పత్తిగింజల పేరైనది. బన్నీ, మల్లిక అను దాని సంకరములు తెలుగునేలను దాటి మహారాష్ట్ర, గుజరాత్ చేలలోను ప్రబలెను. మెట్టప్రాంతపు విత్తనవ్యాపారి దేశమంతటి విపణిని గెలుచుట గర్వింపదగినదే. ఆ గింజ యెట్లు తయారగునో కూడ చెప్పిననే కథ పూర్తియగును. సంకరపత్తి గింజకు మొగ్గలను ఒక్కొక్కటిగా చేతితో ఒలిచి, మగకేసరములను తీసివేసి, మరునాటి ఉదయము వేరొక వంగడపు పువ్వును తెచ్చి రుద్దవలెను. దీనిని మనవారు క్రాసింగు అందురు. కర్నూలు, మహబూబ్‌నగరు ప్రాంతములలో ఆ పని యేండ్లతరబడి బడికి పోవలసిన ఆడపిల్లల వ్రేళ్లమీద నడిచినదని అనేక విచారణలు బయటపెట్టెను. చవకగా దొరకిన ఆ చిన్నచేతులే లేకున్నచో సంకరపత్తి మన దేశమున ఇంతగా వ్యాపించెడిది కాదు. ఇతర దేశములు పత్తిలో శుద్ధవంగడములనే విశేషముగ పండించుకొనుటకు అచ్చటి కూలి ఖరీదును ఒక హేతువు.

కొత్త పత్తితోపాటు కొత్త పురుగులు వచ్చినవి. పొడుగుపోగు వంగడముల మీద 1980ల నడుమ గుంటూరు, ప్రకాశము జిల్లాలలో తెల్లదోమ విరుచుకపడగా, మందుమీద మందు చల్లి, చల్లినకొలది పురుగు మొండిపడి, అప్పులపాలైన రైతులు పలువురు 1987-88లో అదే మందును త్రాగి ప్రాణములు తీసికొనిరి. పదేండ్లకు, 1997-98లో, వరంగల్లు ప్రాంతమున పురుగు తాకిడి వలన ఆ దుఃఖమే మరింత విస్తారముగ మరల జరిగెను. ఖమ్మం జిల్లాకు అంటుకొనియున్న తిరువూరు మెట్టకు ఈ వార్తలు దూరపు వార్తలు కావు. పురుగునకు కరోడ్‌గిరి లేదు కదా. లాం శాస్త్రజ్ఞులు తెల్లదోమను తట్టుకొను వంగడమును రూపొందించిరి. కాని నాటికే ప్రభుత్వక్షేత్రపు గింజకంటె రంగుబొమ్మల ప్యాకెట్టుకు ఆకర్షణ అధికము. మందు చెప్పువాడు, విత్తనమమ్మువాడు, అప్పిచ్చువాడు ఒక్కడే యైన అంగడియే రైతునకు వ్యవసాయశాఖగా పరిణమించినది.

2002 మార్చిలో కేంద్రప్రభుత్వము బీటీ పత్తికి అనుమతి నిచ్చినది. నేలలోనుండు బాసిల్లస్ తురింజియెన్సిస్ అను సూక్ష్మజీవి జన్యువును పత్తిలో జొప్పింపగా, కాయతొలుచు పురుగు ఆ ఆకును కొరికి చచ్చును. విద్య అమెరికా దేశపు మాన్‌శాంటోది. మన దేశమున మహికోతో కలిసి యేర్పడిన సంస్థద్వారా దానిని ఇతర విత్తనశాలలకు అద్దెకిచ్చిరి. తొలుత మెక్ అను పేరుతో వచ్చిన మూడు సంకరములు మన రాష్ట్రమున సరిగా పండకపోవుటచే, 2005లో ఆంధ్రప్రదేశ్‌లో వాని అనుమతి పొడిగింపబడలేదు. నష్టపరిహారమెవరీయవలెనను వాదము చాలదినములు నడిచినది. అటుపిమ్మట మనవారి సంకరములలో ఆ జన్యువును చేర్చినప్పుడు మాత్రము పంట నిలిచినది, మందుల ఖర్చు తగ్గినది. ఈ సత్యమును బీటీ విరోధులు మరుగుపరుచుట తగదు. దేశపు సగటు దిగుబడి హెక్టారునకు 300 కిలోల దూది చెంతనుండి అయిదారేండ్లలో 550 కిలోల చెంతకు పెరిగినది. అందులో జన్యువుపాలెంత, మంచివానల పాలెంత, గుజరాత్ నీటిపారుదల పాలెంత యని పండితులింకను తగవులాడుచున్నారు. బీటీ ప్రియులు ఈ సత్యమును మరుగుపరుచుటయు తగదు.

తగవంతయు వెలమీద. 450 గ్రాముల బీటీగింజకు, తోడు 120 గ్రాముల మామూలు గింజకు కలిపి ప్యాకెట్టు 1,600 రూపాయలకు పైగా పలికినది. అందులో 1,250 రూపాయల దాక జన్యువు అద్దె. 2006 ఆరంభమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము, గుత్తవ్యాపారములను అదుపుచేయుటకు 1969లో పుట్టిన శాసనమును చేపట్టి, ఆ శాసనము క్రింద ఏర్పడిన సంఘము ముందు ఫిర్యాదు చేసినది. పెద్దపెద్ద పరిశ్రమాధిపతులను దృష్టిలో నుంచుకొని చేసిన శాసనము తుదకు పత్తిగింజల పొట్లముకొరకు పనికివచ్చుట చరిత్రలో చమత్కారము. చైనాలో ఇదే విద్యకు పుచ్చుకొను రుసుము ఎంతో స్వల్పమై యుండగా, ఇచ్చట ఇంత యేల యని రాష్ట్రము ప్రశ్నించెను. పరిశోధనకైన వ్యయము రాబట్టుకొను హక్కు తమకున్నదని సంస్థ వాదించెను. మే నెలలో సంఘము రుసుమును తగ్గింపుమని మధ్యంతర ఉత్తర్వు చేయగా, రాష్ట్రప్రభుత్వము ప్యాకెట్టు వెలను 750 రూపాయలుగా నిర్ణయించినది. ఇతర రాష్ట్రములు ఆ బాటనే పట్టినవి. 2007లో పత్తివిత్తనముల వెలను కట్టడిచేయు ప్రత్యేక శాసనము మన శాసనసభలోనే వచ్చినది.

ఇరువైపుల వాదములోను పస కలదు. మొదటి ప్యాకెట్టు పుట్టించుటకు కోట్లు కావలెను, రెండవదానికి కూలిడబ్బులు చాలును. రెండవదాని ఖర్చునుబట్టియే వెల కట్టినచో మొదటిది పుట్టదు, మొదటిదాని ఖర్చును నెపముగ చూపి తోచినంత వెల కట్టినచో రెండవది చేనికి చేరదు. కాని ప్రభుత్వము వెల తగ్గించుటతో తన పని తీరినదని తలంచుటయే నాకు అసంతృప్తి. అంటుకొమ్మ న్యాయమున ఆ జన్యువును శుద్ధవంగడములో పెట్టి రైతునకిచ్చిన, గింజ దాచుకొనుటకు వీలుండెడిది. నాగపూరు కేంద్ర పత్తి పరిశోధన సంస్థయు ధార్వాడ విశ్వవిద్యాలయమును ఆ పనికి పూనుకొని, బికనేరి నర్మ యను బీటీ వంగడమును 2009లో విపణికి తెచ్చెను. అందులో మాన్‌శాంటో జన్యువే కలిసియున్నదను ఆక్షేపణము పుట్టి ఆ యేడే అది వెనుకకు పోయెను. సెస్సు కాలము తరువాత ప్రభుత్వ పరిశోధనాలయములు ఎంత బలహీనపడెనో ఆ యొక్క సంఘటనము చెప్పుచున్నది. రైతునకు గింజ దాచుకొను, మార్చుకొను హక్కును 2001 నాటి శాసనము ఘనముగ ప్రసాదించినది. సంకరపత్తిలో ఆ హక్కు విందుకు పిలిచి ఖాళీ విస్తరి వేసినట్లున్నది.

ఆ మీదటి పోరు రైతును దాటి న్యాయస్థానములకు పోయెను. అద్దె విషయమున నూజివీడు సీడ్స్‌కును మాన్‌శాంటోకును చెడినది. మొక్కలకు, విత్తనములకు పేటెంటు లేదని చెప్పు మన శాసనపు నిబంధన ఈ జన్యువునకు వర్తించునా యను ప్రశ్నపై, 2018లో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానపు ధర్మాసనము పేటెంటును కొట్టివేయగా, 2019 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానము ఆ తీర్పును త్రోసిపుచ్చి, విచారణ మొదటినుండి జరుగవలెనని పంపెను. 2021లో ఉభయులును రాజీపడిరి. ఈ లోపల కేంద్రప్రభుత్వము 2015 డిసెంబరున దేశమంతటికి ధరల నియంత్రణోత్తర్వును వెలువరించి, 2016లో రెండవతరపు బీటీ ప్యాకెట్టును 800 రూపాయలుగను, అందులో అద్దెను 49 రూపాయలుగను నిర్ణయించెను. 2018లో అద్దె 39 రూపాయలయ్యెను. 2020లో అద్దె సున్నయై ప్యాకెట్టు వెల 730 రూపాయలయ్యెను. 1,250తో మొదలైన లెక్క సున్నతో ముగిసినది.

సున్న యగునాటికి గులాబిరంగు పురుగు ఆ విషమును జీర్ణించుకొన నేర్చినది. 2017-18 పంటకాలమున మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్రప్రదేశములందు పచ్చికాయ పగులగొట్టినచోట లోపల అదియే. ఈ ముప్పును శాస్త్రజ్ఞులు తొలినాడే ఊహించిరి. 120 గ్రాముల మామూలు గింజ పొట్లము అందులకే. దానిని చేని చుట్టును అయిదు సాళ్లుగా విత్తిన, విషమెరుగని పురుగులు అందు బ్రతికి, మొండిపురుగులతో జతకట్టి, మొండితనము వ్యాపింపకుండ ఆపునని వారి యెత్తు. ఆ యెత్తుకు కావలసినది రైతు తన చేనిలో కొంతభాగమును పురుగునకు విడిచిపెట్టుట. ఊరందరికి మేలగు పనికి ఒక్కడు తన పంటను ఇచ్చుకొనవలెను. అందులకు పరిహారము ఏ ఉత్తర్వులోను లేదు. రెండెకరముల కౌలుదారు ఆ పొట్లమును చూరులో దోపి మరచిపోయినచో, అతనిని అవివేకియనుటకు నాకు నోరు రాదు. వెలనుగూర్చి పదునాలుగేండ్లు వాదించిన రాజ్యము ఆ అయిదు సాళ్లనుగూర్చి కరపత్రము నచ్చువేయించి ఊరకున్నది.

తరువాత విధానము మారి, ఆ మామూలు గింజను బీటీగింజలోనే కలిపి ఒకే సంచిగ ఇచ్చుచున్నారు. ప్యాకెట్టు 475 గ్రాములైనది. ఇప్పుడు చేనిలో ఏ మొక్క పురుగునకు, ఏ మొక్క తనకు అనునది విత్తువానికి తెలియదు. మృగశిర కార్తె ప్రవేశించి రెండు వానలు పడగానే తిరువూరు విత్తన దుకాణముల ముందు జనము గుమిగూడి, క్రిందటియేట ఎవరి చేనిలో ఏ పేరు బాగుగ కాచినదో ఒకరినొకరు విచారించుకొందురు. దూరమున తోపులలో రసాలు అప్పటికి కోతలు ముగియవచ్చుచుండును.